జీతం తీసుకునే లాయరు వద్దనగలడా?

2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఐదువేలో పదివేలో అప్పు తీసుకున్న పాపానికి వాళ్ళ ఫోన్లో ఉన్న బంధువులకూ స్నేహితులకూ పరువు తీసే మెసేజీలు వెళ్ళాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. డిసెంబరు 23న రిజర్వ్ బ్యాంకు ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన విడుదల చేసింది. ఆ వార్తల్లో ఫోన్ చేసి బూతులు తిట్టినవాళ్ళు కనిపించారు, వెనక ఉండి నడిపించినవాళ్ళూ కనిపించారు. ఇంకొకరు మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆ యాప్‌లలో కొన్ని రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని ఆర్థిక సంస్థల) పేరుమీద అప్పులిచ్చాయి. యాప్‌కూ ఎన్‌బీఎఫ్‌సీకీ మధ్య ఒప్పందం ఉంది. కాంటాక్టులు చూసుకోవడానికి ఒప్పుకుంటున్నానంటూ అప్పు తీసుకునే మనిషి చదవకుండా నొక్కిన నిబంధనలున్నాయి. వాటిని ఎవరో రాశారు, లేదా ఎక్కడినుంచో తెచ్చి పెడుతుంటే చూసి ఊరుకున్నారు.

ఫిన్‌టెక్ కంపెనీల్లో ఉద్యోగం చేసే లాయర్ల గురించి మాట్లాడటానికి ఇక్కడినుంచి మొదలుపెట్టడమే న్యాయమని నాకనిపిస్తుంది. వీళ్ళు కోర్టు మెట్లెక్కరు, నల్లకోటు వేసుకోరు. అయినా వీళ్ళు సరేనన్న ఒక్క వాక్యం లక్షల ఫోన్లలోకి వెళ్తుంది. గత పదేళ్ళలో వీళ్ళ మీద బాధ్యత పెరిగినంతగా వీళ్ళకు రక్షణ పెరగలేదు. ఆ లోటు మోస్తున్నది చివరికి ఖాతాదారే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు పని సంగతి. ఫిన్‌టెక్ అనే ఒక్క పేరు కింద చాలా వ్యాపారాలున్నాయి: దుకాణాలకు డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ అగ్రిగేటర్లు, వాలెట్లు, అప్పులిప్పించే యాప్‌లు, బీమా పాలసీలూ మ్యూచువల్ ఫండ్లూ అమ్మే వేదికలు. ఎందులో చేరినా లాయరు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ పని చేయడానికి లైసెన్సు ఎవరిది? 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంకు అనుమతి లేకుండా చెల్లింపుల వ్యవస్థ నడపకూడదు. 2020 మార్చి 17 నాటి మార్గదర్శకాలతో పేమెంట్ అగ్రిగేటర్లు కూడా నేరుగా ఆ అనుమతి కిందికి వచ్చాయి. దరఖాస్తు పెట్టేనాటికి 15 కోట్ల నెట్‌వర్త్, ఆ తర్వాత 25 కోట్లు ఉండాలన్నారు. అప్పు ఇవ్వాలంటే సాధారణంగా బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో అయివుండాలి. లైసెన్సు లేని కంపెనీ ఉన్నవాళ్ళతో జతకడుతుంది. ఆ జతకట్టే కాగితం రాయడంలోనే ఈ వృత్తిలోని నైపుణ్యమంతా ఉంది, ప్రమాదమంతా కూడా అక్కడే ఉంది.

దీనికి మంచి ఉదాహరణ నష్టపూచీ ఒప్పందం. పద్ధతి ఇలా ఉండేది. ఎన్‌బీఎఫ్‌సీ పుస్తకాల్లో అప్పు నమోదవుతుంది. మనిషిని వెతికేది, అతనికి ఎంత ఇవ్వవచ్చో తేల్చేది, వసూలు చేసేది యాప్ కంపెనీ. అప్పు మునిగితే నష్టం మొత్తం మేమే భరిస్తామని ఆ కంపెనీ రాసిస్తుంది. కాగితం మీద అప్పిచ్చింది ఎన్‌బీఎఫ్‌సీ. నిజానికి నష్టభయమంతా, లాభంలో పెద్దవాటా లైసెన్సు లేనివాళ్ళవి. అంటే ఎన్‌బీఎఫ్‌సీ తన రిజిస్ట్రేషన్‌ను అద్దెకిచ్చినట్టే. ఇలాంటి ఒప్పందాలు తయారుచేసిన లాయర్లందరూ దుర్మార్గులని నేననను. అప్పటికి దాన్ని స్పష్టంగా నిషేధించిన నిబంధన లేదు. కానీ నిబంధన ఎందుకు రాబోతోందో అందరికన్నా ముందు తెలుసుకోగలిగిన స్థానంలో ఉన్నది వాళ్ళే.

నిబంధన రానే వచ్చింది. 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంకు వేసిన వర్కింగ్ గ్రూప్ ఆ ఏడాది నవంబరులో నివేదిక ఇచ్చింది. భారతీయ ఆండ్రాయిడ్ వినియోగదారులకు 80కి పైగా యాప్ స్టోర్లలో దాదాపు 1100 లోన్ యాప్‌లు అందుబాటులో ఉన్నాయనీ, వాటిలో 600 అక్రమమైనవనీ ఆ నివేదిక తేల్చింది. 2022 సెప్టెంబరు 2న డిజిటల్ రుణాల మార్గదర్శకాలు వచ్చాయి. అప్పు డబ్బు నేరుగా తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోకే వెళ్ళాలి, కాంటాక్టుల జాబితా, కాల్ లాగ్‌లు, ఫొటోల జోలికి యాప్ పోకూడదు, మనసు మార్చుకున్నవారు అసలూ, ఆ కొద్దిరోజుల వడ్డీ ఖర్చూ మాత్రమే కట్టేసి బయటపడటానికి కొంత వ్యవధి ఇవ్వాలి. 2023 జూన్ 8న నష్టపూచీ మీద తీర్పులాంటి సర్క్యులర్ వచ్చింది: పూచీ ఉండవచ్చు గానీ అప్పుల మొత్తంలో 5 శాతం దాటకూడదు, అదీ నగదుగానో, బ్యాంకు డిపాజిట్‌గానో, బ్యాంకు గ్యారంటీగానో ఉండాలి. 2025 మే 8 నాటి ఆదేశాలు వీటన్నిటినీ ఒకచోట చేర్చాయి.

తెలుగువాళ్ళకు ఇందులో కొత్త ఏమీ లేదు. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌కు వచ్చింది. అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు ఒక్కసారిగా పడిపోయాయి. ఎన్‌బీఎఫ్‌సీల మీద అధికారం రిజర్వ్ బ్యాంకుదా, రాష్ట్రాలదా అన్న వివాదం మాత్రం ఏళ్ళతరబడి సాగింది. కేరళ, గుజరాత్ వడ్డీ వ్యాపారుల చట్టాలు రిజర్వ్ బ్యాంకు నియంత్రణలోని ఎన్‌బీఎఫ్‌సీలకు వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయవాదంలో గెలుపు పన్నెండేళ్ళకు వచ్చింది. ఆర్డినెన్సు వచ్చిన నెలల్లోనే కుదేలైన సంస్థలకు అది ఏ మాత్రం ఉపయోగపడింది? గడపగడపకూ వెళ్ళి వసూలు చేసే మనిషి ఏం మాట్లాడుతున్నాడో పట్టించుకోని కంపెనీని సరైన కాగితాలు కాపాడలేవు. మన రాష్ట్రాలనుంచి ఈ రంగంలోకి వెళ్ళే ప్రతి లాయరూ ఆ ఏడాది సంగతులు చదవాలి.

సొంత వ్యాపారం ఏమిటో తేల్చుకోవడమూ తేలిక కాదు. మేము మధ్యవర్తులం మాత్రమే అన్న వాదన ఈ రంగంలో రోజూ వినిపిస్తుంది. పేపాల్ విషయంలో మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2020 డిసెంబరులో 96 లక్షల జరిమానా వేసింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జరిమానాను కొట్టేశారు. అయితే ఆ కంపెనీ చెల్లింపుల వ్యవస్థ నడిపేదేననీ, లావాదేవీల సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత దానికుందనీ అదే తీర్పులో చెప్పారు. నిజంగా సందేహం ఉన్న ప్రశ్న అది. అలాంటి ప్రశ్నకు కంపెనీలోని లాయరు సోమవారం పొద్దున్నకల్లా జవాబు చెప్పాలి, హైకోర్టులో తేలడానికి రెండున్నరేళ్ళు పట్టింది.

పైగా కాళ్ళ కింద నేల మారుతూ ఉంటుంది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పు రాగానే ప్రైవేటు కంపెనీల ఈ-కేవైసీ ఆగిపోయింది. వీడియో కేవైసీకి అనుమతి 2020 జనవరిలో గానీ రాలేదు. 2022 జూన్ 20న వచ్చిన సర్క్యులర్‌తో అప్పు ఖాతానుంచి వాలెట్లలోకి, ప్రీపెయిడ్ కార్డుల్లోకి డబ్బు నింపడం కుదరకుండా పోయింది. దాని మీదే బతుకుతున్న కార్డు వ్యాపారాలు ఆగిపోయాయి. సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, గరిష్ఠ జరిమానా 250 కోట్లు. ఈ జాబితా ఇంకా పెంచవచ్చు, అవసరం లేదు. చట్టం పుస్తకంలో ఉండదు, సాయంత్రం ఐదు దాటాక రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్లో ఉంటుందని ఇక్కడ పనిచేసేవాళ్ళందరికీ తెలుసు.

బయటివాళ్ళకు కనిపించని పని ఒకటి దగ్గరగా చూపిస్తాను. ఫిన్‌టెక్ లీగల్ టీం మెయిల్‌బాక్సులో ఎక్కువగా ఉండేవి ఒప్పందాలు కావు, పోలీసు నోటీసులు. సైబర్ మోసానికి గురైన మనిషి హెల్ప్‌లైన్ నంబరు 1930కు ఫోన్ చేస్తాడు. అతని డబ్బు ఒక ఖాతానుంచి ఇంకో ఖాతాకు, అక్కడినుంచి మరో పదింటికి పాకివుంటుంది. ఆ దారిలో ఉన్న ప్రతి బ్యాంకుకూ, వాలెట్‌కూ, గేట్‌వేకూ నోటీసులు వెళ్తాయి. నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద వివరాలివ్వమంటారు, 106 కింద ఖాతా ఆపమంటారు. నరసరావుపేటలో ఒక కిరాణా కొట్టు ఉందనుకుందాం. మోసగాళ్ళ డబ్బులో ఎనిమిది వందలు ఎవరో అక్కడ సరుకులకు ఖర్చుపెట్టారు. నోటీసులో కొట్టు ఖాతా నంబరు ఉంది, ఆపవలసిన మొత్తం ఎంతో స్పష్టంగా లేదు. ఖాతా మొత్తం ఆపితే కంపెనీకి ఏ ఇబ్బందీ ఉండదు, కొట్టతను మాత్రం రేపు హోల్‌సేల్ దుకాణానికి డబ్బు కట్టలేడు. ఆపకపోతే ఎక్కడో వృద్ధ దంపతులు పోగొట్టుకున్న డబ్బు ఇంకొక గెంతు గెంతుతుంది.

అప్పుడు మంచి లాయరు చేసేపని ఇది. మెయిలు నిజంగా పోలీసుల అధికారిక చిరునామానుంచే వచ్చిందా చూస్తారు, ఎందుకంటే దొంగ నోటీసులూ వస్తాయి. ఎనిమిది వందల మీద మాత్రమే లీన్ (నిలుపుదల) పెట్టి, మిగతా ఖాతాను నడవనిస్తున్నామని దర్యాప్తు అధికారికి రాస్తారు, మొత్తం ఎంతో చెప్పమని అడుగుతారు. నోటీసులో చెప్పిన మొత్తానికే నిలుపుదల పరిమితం చేయాలని 2023లో కేరళ హైకోర్టు బ్యాంకులకు చెప్పిన మాటను జతచేస్తారు. కొట్టతనికి ఎవరు ఆపారో, ఏ స్టేషన్‌ను సంప్రదించాలో తెలుగులో మెసేజీ పోయేలా చూస్తారు. ఇందులో గొప్ప న్యాయశాస్త్రం లేదు. కానీ రోజుకు పదుల సంఖ్యలో వచ్చే నోటీసుల మధ్య ఒక్కొక్కదానికి ఇంత శ్రద్ధ పెట్టాలంటే మనుషులు కావాలి, ఆ మనుషుల జీతాలకు కంపెనీ ఒప్పుకోవాలి. అందుకే చాలాచోట్ల ఖాతా మొత్తం ఆపేసి ఊరుకుంటారు.

రెండో దృశ్యం యాప్ తెర. అప్పు షరతుల పట్టిక, అంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2024 ఏప్రిల్ సర్క్యులర్ చెబుతోంది. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక శాతం అందులో ఉండాలి. ఇది ఎందుకు ముఖ్యమో పాత ఏడురోజుల అప్పుల లెక్క చూస్తే తెలుస్తుంది. అయిదువేల అప్పు, ఫీజుల పేరుతో ముందే 1500 కోత, చేతికొచ్చేది 3500, వారంలో కట్టాల్సింది 5000. వారానికి వడ్డీ దాదాపు 43 శాతం, ఏడాదికి లెక్కేస్తే 2200 శాతం పైమాటే. ‘ప్రాసెసింగ్ ఫీజు 1500’ అని చదివిన మనిషికి ఈ సంఖ్య తట్టదు. దాన్ని పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఓకే బటన్‌కు ముందు పెట్టించడం లాయరు పని.

అక్కడ జరిగే సంభాషణ ఈ రంగంలో పనిచేసిన వారెవరికైనా తెలిసినదే. “మేడమ్, సోమవారం రిలీజ్. ఒక్క మెయిల్‌లో అప్రూవ్డ్ అని పెట్టండి చాలు. మిగతా యాప్‌లన్నీ ఇలాగే చేస్తున్నాయి కదా” అంటాడు ప్రొడక్ట్ మేనేజరు. అతనేమీ చెడ్డవాడు కాదు. ఒక తెర పెరిగితే ఎంతమంది మధ్యలో వదిలేస్తారో అతని దగ్గర లెక్క ఉంది. ఆ తెర లేకపోతే ఎన్ని కుటుంబాలు చిక్కుల్లో పడతాయో చెప్పే లెక్క లాయరు దగ్గర లేదు. గదిలో లేని మనిషి తరఫున మాట్లాడాలి. జీతం ఇచ్చేది మాత్రం గదిలో ఉన్నవాళ్ళు.

అలా మాట్లాడేవారి వెనక చట్టం ఏపాటి నిలబడుతోంది? బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వది చెప్పేదేమిటంటే, పూర్తికాలం జీతానికి పనిచేసేవారు వకాలతు చేయకూడదు. ఉద్యోగంలో చేరగానే ఆ సంగతి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు నిలిపివేసుకోవాలి. విద్యుత్ బోర్డులో లా ఆఫీసరుగా ఉన్న వ్యక్తి కేసులో 2001లో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే సమర్థించింది. ఈ నియమం వెనక ఉన్న భావన నాకు అర్థమవుతుంది: యజమాని మాట వినాల్సిన మనిషి కోర్టుకు స్వతంత్రంగా సాయపడలేడు. కానీ దాని ఫలితం చూడండి. కంపెనీలోకి వెళ్ళిన లాయరు వృత్తి క్రమశిక్షణ నీడనుంచీ బయటికి వస్తాడు, వృత్తి రక్షణ నీడనుంచీ బయటికి వస్తాడు.

ఆ రక్షణ ఎంత లేదో 2025 అక్టోబరు 31న స్పష్టంగా తేలింది. ఆ ఏడాది జూన్‌లో ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సమన్లు పంపడంతో దుమారం రేగింది. సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. ప్రధాన న్యాయమూర్తి గవాయ్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం న్యాయవాదులకు గట్టి రక్షణలు ప్రకటించింది. అదే తీర్పులో కంపెనీ లాయర్ల సంగతి వచ్చింది. సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ కింద న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య ఉండే గోప్యత వీళ్ళకు వర్తించదు, ఎందుకంటే వీళ్ళు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదులు కారు. కంపెనీ పెట్టుకున్న బయటి న్యాయ సలహాదారుతో వీళ్ళు జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలకు 134వ సెక్షన్ కింద కొంత కాపుదల ఉంది. కంపెనీకీ దాని సొంత లాయరుకూ మధ్య నడిచిన మాటలకు అదీ లేదు.

ఇంగ్లండులో, అమెరికాలో కంపెనీ లాయరు సలహాకు గోప్యత ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1981లో అప్‌జాన్ కేసులో దీన్ని బలపరిచింది. యూరోపియన్ న్యాయస్థానం మాత్రం 2010లో అక్జో నోబెల్ కేసులో పోటీచట్టం దర్యాప్తుల విషయంలో ఈ గోప్యతను నిరాకరించింది. కాబట్టి మన కోర్టు దారి ఒంటరి దారేమీ కాదు, చట్టం పాఠాన్ని బట్టి చూస్తే తప్పని కూడా అనలేను. నన్ను కలవరపెడుతున్నది దాని తర్వాత ఆఫీసుల్లో జరిగేది. ‘ఈ ఫీజు పద్ధతి నిబంధనలకు విరుద్ధం, ఆపండి’ అని లాయరు మెయిలు రాస్తే, రేపు దర్యాప్తులో ఆ మెయిలే కంపెనీకి వ్యతిరేకంగా సాక్ష్యం కావచ్చు. అందుచేత రాయొద్దు, ఫోన్ చేసి చెప్పు అంటారు. ఫోన్లో చెప్పిన మాటకు జాడ ఉండదు. విననట్టు నటించడం పైవాళ్ళకు సులువవుతుంది. నువ్వెప్పుడు చెప్పావు అని తర్వాత అడగడం ఇంకా సులువు. నిజాయితీగా రాసిపెట్టే అలవాటే ఈ ఉద్యోగంలో ప్రాణం. ఆ అలవాటుకే ఇప్పుడు వెల కట్టాల్సి వస్తోంది.

వద్దన్న మనిషికి ఏమవుతుందో తెలుసుకోవడానికి జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ ఉంది. 2017లో దాని సింగపూర్ కార్యాలయంలో ఆసియా-పసిఫిక్ ప్రాంత లాయరుగా చేరిన పవ్ గిల్‌కు, అక్కడి ఫైనాన్స్ విభాగం లెక్కలు మారుస్తోందని 2018లో ఉద్యోగుల నుంచి తెలిసింది. ఆయన బయటి న్యాయ సంస్థతో విచారణ జరిపించే ప్రయత్నం చేశారు. ఆ సంవత్సరమే ఆయన ఉద్యోగం వదలాల్సి వచ్చింది. కొడుకు పడుతున్న బాధ చూడలేక తల్లి స్వయంగా పత్రికా రచయితలను సంప్రదించారు. 2019 జనవరి చివర్లో ఫైనాన్షియల్ టైమ్స్ ఆ కథనాన్ని ప్రచురించింది. 2020 జూన్‌లో పుస్తకాల్లో ఉన్న 190 కోట్ల యూరోలు అసలు లేవేమోనని ఒప్పుకొని కంపెనీ దివాలా తీసింది. ఆడిటర్లూ నియంత్రణ సంస్థలూ ఏళ్ళతరబడి పట్టుకోలేకపోయినదాన్ని వెలికితీయడానికి తోడ్పడినవాడు కంపెనీలో జీతం తీసుకున్న లాయరు. ఆయన గెలిచాడని చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఒక సంస్థలోని లాయరు ధైర్యం చివరికి తల్లి పట్టుదల మీద ఆధారపడాల్సి వచ్చిందంటే వ్యవస్థలో ఏదో పెద్ద ఖాళీ ఉన్నట్టే.

మన దగ్గర ఆ ఖాళీ ఇంకా పెద్దది. 2014 నాటి విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం ప్రభుత్వోద్యోగుల అక్రమాల గురించినది, అదీ అమల్లోకి రాలేదు. కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద ఫిర్యాదు యంత్రాంగం లిస్టెడ్ కంపెనీలకూ, డిపాజిట్లు తీసుకునేవాటికీ, 50 కోట్లకు మించి అప్పులున్నవాటికీ తప్పనిసరి. పెట్టుబడిదారుల డబ్బుతో నడిచే చాలా స్టార్టప్‌లు ఆ గీతకు బయటే ఉంటాయి.

అయితే నమూనా మన చేతిలోనే ఉంది. 2020 సెప్టెంబరు 11న రిజర్వ్ బ్యాంకు బ్యాంకుల చీఫ్ కంప్లయెన్స్ ఆఫీసరు విషయంలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ అధికారికి కనీసం మూడేళ్ళ పదవీకాలం ఉండాలి, మధ్యలో తీసేయాలంటే బోర్డు ముందస్తు అనుమతి కావాలి. 2022లో పెద్ద ఎన్‌బీఎఫ్‌సీలకూ ఇలాంటి ఏర్పాటు వచ్చింది. లైసెన్సు లేకుండా బ్యాంకుల తరఫున పనిచేసే యాప్ కంపెనీలకు మాత్రం ఇది లేదు, లాయర్లకు ఎక్కడా లేదు. ఒప్పందం రాసేటప్పుడే బ్యాంకు ఈ షరతు పెట్టవచ్చు: మీ లీగల్ హెడ్‌ను తీసేస్తే కారణం మాకు రాతపూర్వకంగా చెప్పండి, ఆయన మా కంప్లయెన్స్ అధికారికి నేరుగా రాసే హక్కు ఉంచండి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. బార్ కౌన్సిల్ కూడా కంపెనీ లాయర్లకు విడిగా ఒక రిజిస్టరు తెరిచి, వృత్తి నియమాలు పెట్టి, వాటితోపాటే పరిమితమైన గోప్యత కోసం పార్లమెంటును అడగాలి. నియమాలు లేకుండా గోప్యత మాత్రమే కావాలంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

నల్సార్‌నుంచో విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంనుంచో పట్టా తీసుకుని మాదాపూర్‌లోనో బెంగళూరులోనో ఈ ఉద్యోగాల్లోకి వెళ్తున్న పిల్లలకు జీతం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. కంపెనీలో గడిపే ఏళ్ళు వకాలతు కింద లెక్కకు రావు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్ళీ విధించింది కాబట్టి ఆ ఆలోచన ఉన్నవాళ్ళు ముందే తేల్చుకోవాలి. ఇంటర్వ్యూలో ఎవరికి రిపోర్ట్ చేయాలో అడగండి. సేల్స్ చూసే మనిషికే అయితే ఆలోచించండి. ఇంతకుముందున్న లాయరు ఎందుకు వెళ్ళిపోయారో అడగండి. లైసెన్సు ఎవరిదో, నష్టపూచీ ఎంతో, వసూళ్ళు ఎవరికి అప్పగించారో ఒప్పందం చూపించమనండి. చేరిన వెంటనే ప్రాక్టీసు నిలిపివేసుకుంటున్నట్టు బార్ కౌన్సిల్‌కు రాసి, వాళ్ళిచ్చే ఉత్తర్వు కాపీ జాగ్రత్త చేసుకోండి, ఎప్పుడైనా తిరిగి కోర్టుకు రావాలనుకుంటే అదే ఆధారం.